దేవరకోట జమీ: ఒకే మట్టికి ఇద్దరు సొంతదార్లు



చల్లపల్లి రాజావారికి ఎంత భూమి ఉండేదని మా మొవ్వ వైపు పెద్దవాళ్ళని అడిగి చూడండి. ఎకరాల్లో చెప్పరు. చెయ్యి చాచి తూర్పు నుంచి దక్షిణం దాకా ఒక తిప్పు తిప్పి, "అదంతా దివాణందేగా" అంటారు. పొలమూ దివాణందే, చెరువూ దివాణందే, గుడీ దివాణందే. మరి ఆ పొలం దున్నిందెవరు, కొడుకులకు పంచిందెవరు, కూతురికి పసుపు కుంకుమల కింద రాసిచ్చిందెవరు అని అడిగితే, "రైతులే" అంటారు. అదీ నిజమే. ఒకే మట్టికి ఇద్దరు సొంతదార్లు ఎలా ఉంటారు? ఇవాళ్టి ప్రసంగమంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతుంది.

మొవ్వ పేరు చెప్పగానే వేణుగోపాలస్వామీ క్షేత్రయ్యా గుర్తొచ్చి, ఏదైనా పదం వినిపిస్తాననుకున్న వారు మన్నించాలి. ఇవాళ సంగతి పదాలది కాదు, పట్టాలది.

ముందు కాస్త దూరం వెళ్ళొద్దాం. 1066 అక్టోబరులో నార్మండీ పాలకుడు విలియం సముద్రం దాటి వచ్చి, హేస్టింగ్స్ దగ్గర యుద్ధం గెలిచి, ఇంగ్లండుకు రాజయ్యాడు. వెంట వచ్చిన బంధువులకూ సేనానులకూ ఆ దేశాన్ని పంచిపెట్టాడు. వాళ్ళే చరిత్రలో నార్మన్ బేరన్లు. అందరిలోకీ పెద్ద వాటా అందుకున్నవాళ్ళలో విలియం తల్లి కొడుకే అయిన రాబర్ట్ ఒకడు. తండ్రులు వేరు, తల్లి ఒక్కతే. మోర్తెన్ అనే ఊరికి ప్రభువు కాబట్టి మోర్తెన్ రాబర్ట్ అంటారు. ఇతనికి దాదాపు 800 మేనర్లు దక్కాయి. మేనరంటే పొలాలూ రైతులూ పిండిమరా పచ్చికబయలూ అన్నీ కలిసిన గ్రామం లాంటిది అనుకోండి. పడమటి కొసన కార్న్‌వాల్ చాలా మటుకు ఇతనిదే. దక్షిణ తీరంలో పెవెన్సీ కోటా, లండన్‌కు వాయవ్యంగా బర్కంస్టెడ్ కోటా ఇతని చేతిలో ఉండేవి. మిగిలిన ఊళ్ళు ఒకచోట కాదు, దేశమంతా చెల్లాచెదురుగా ఉండేవి.

ఇంత ఉన్నా రాబర్ట్ ఆ నేలకు సొంతదారు కాడు. ఆ రాజ్యంలో నేలంతా రాజుది. బేరన్ దాన్ని రాజు దగ్గర నుంచి "పట్టుకుని" ఉంటాడంతే. బదులుగా, పిలిచినప్పుడు ఇన్ని గుర్రాలతో ఇంతమంది యోధుల్ని తీసుకుని రావాలి. తండ్రి పోతే కొడుకు ఆస్తి చేతికి తీసుకోవడానికి రాజుకు రొక్కం కట్టాలి. వారసుడు పసివాడైతే రాజే ఆ ఎస్టేటు చూసుకుంటూ, దాని రాబడీ తనే తింటాడు. రాబర్ట్ ఆ 800 మేనర్లలో చాలావాటిని తన కింది యోధులకు ఇచ్చేశాడు. వాళ్ళు ఇతని దగ్గర నుంచి పట్టుకున్నారు. ఆ కింద అసలు నాగలి పట్టినవాడు ఉన్నాడు. ఒక పొలం మీద ముగ్గురు నలుగురి హక్కులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయన్న మాట.

ఎవరి కింద ఏముందో తేల్చుకోవాలని విలియం 1086లో దేశమంతా లెక్క తీయించాడు. ఎన్ని అరకలు, ఎంత అడవి, ఎన్ని మరలు, యుద్ధానికి ముందు విలువెంత, ఇప్పుడెంత అని రాయించి పెట్టాడు. అదే డూమ్స్‌డే పుస్తకం. 13,000కు పైగా ఊళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. ఒక్క పందిని కూడా వదలకుండా రాశారని ఆనాటి మఠాల్లో చరిత్ర రాసుకునే సన్యాసులు సణుక్కున్నారు. ఆ సణుగుడు మనకు అర్థమవుతుంది. సర్వే గొలుసు ఊళ్ళోకి వస్తే ఏ రైతుకు గుండె దడదడలాడదు?

ఆ లెక్కల్లో ప్రతి మేనరులోనూ ఒక విభజన కనిపిస్తుంది. దొర తన సొంత అరకలతో, తన పనివాళ్ళతో చేయించుకునే భూమి ఒకటి, రైతులు చేసుకుంటూ దొరకు చెల్లింపులు చేసే భూమి ఒకటి. దీన్ని గుర్తు పెట్టుకోండి. ఎనిమిది వందల ఏళ్ళు దాటాక దివిసీమలో తగువంతా ఈ గీత దగ్గరే వచ్చింది.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. చల్లపల్లి రాజుల జమీ అసలు పేరు దేవరకోట. దేవరకోట ఇప్పుడు ఘంటసాల మండలంలో ఓ మామూలు ఊరు. యార్లగడ్డ వారు గోల్కొండ సుల్తానుల కాలం నుంచి ఈ పరగణా మీద పెత్తనం చేస్తూ వచ్చారు. ఆ తర్వాత గోల్కొండ పోయింది, మొగలాయీలు వచ్చారు, నిజాం వచ్చాడు. 1750 ప్రాంతంలో బందరుతో పాటు దివిసీమ కూడా ఫ్రెంచివాళ్ళ చేతిలోకి వెళ్ళింది. 1759 ఏప్రిల్లో కల్నల్ ఫోర్డ్ బందరు కోట పట్టుకోవడంతో అదీ ముగిసింది. ఇంగ్లీషువాళ్ళు వర్తకులుగా బందరులో దిగింది 1611లో. దొరలుగా మారడానికి నూట యాభై ఏళ్ళు పట్టింది. పైన ఇన్ని జెండాలు మారినా, కింద దేవరకోట దివాణం మాత్రం చెక్కు చెదరలేదు. గోల్కొండకైనా, నిజాముకైనా, ఇంగ్లీషు కుంపిణీకైనా ఒకటే కావాలి: ఊరూరూ తిరిగి వసూలు చేసి, లెక్క చెప్పి, సొమ్ము పంపే మనిషి. ఆ పని తెలిసినవాళ్ళని ఏ సర్కారూ ఊరికే వదులుకోదు.

ఇక్కడ బేరన్‌కూ జమీందారుకూ పోలిక దగ్గరగా కుదురుతుంది. జమీందారు కింద కూడా సొంత బంట్లు, సిబ్బందీలు, చిన్న కోటలు ఉండేవి. తనకు కత్తి పట్టి కాపలా కాసినవాళ్ళకు, తన కొలువులో ఉన్నవాళ్ళకు ఊళ్ళను మొఖాసాలుగా ఇచ్చేవాడు. బ్రాహ్మణులకు అగ్రహారాలు, గుళ్ళకు మాన్యాలు, ఊరి కరణానికీ తలారికీ ఇనాములు. రాబర్ట్ తన మేనర్లను యోధులకు పంచినట్టే ఇదీను. బయటివాడు చూస్తే జమీ అంతా ఒక్కడిదిలా కనిపిస్తుంది. లోపలికి వెళితే పొరలు పొరలుగా వందమందికి వంద రకాల హక్కులు.

ఈ పొరలన్నిటి మధ్యా దివాణం చెయ్యి నేరుగా రైతు మీద పడే చోటు ఒకటుంది. అది కల్లం. కుప్ప నూర్చి, తూర్పారబట్టి, వడ్లు రాశి పోస్తారు. పాలు పంచుకునే ఊళ్ళలో రాశి పోసిన రాత్రే దివాణం మనిషి వస్తాడు. రాశి చుట్టూ తడిమట్టి ముద్దలు అంటించి, చెక్క అచ్చుతో వాటి మీద ముద్ర వేస్తాడు. ముద్ర పడిందంటే ఇక ఆ రాశి జోలికి ఎవరూ పోకూడదు. ముద్ర చెదిరితే దొంగతనం కిందే లెక్క. రైతు తన వడ్ల పక్కనే తుండుగుడ్డ పరుచుకుని పడుకుని, తన వడ్లకు తనే కాపలా కాస్తాడు. అమీను వచ్చి కొలత వేయించేదాకా అదే కాపలా. కొలత మొదలైతే ముందుగా రాశి మొత్తంలోంచి మేరలు తీస్తారు. కరణం, తలారి, వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, వరసగా ఎవరి మేర వాళ్ళకు వెళుతుంది. ఆ తర్వాత మిగిలింది దివాణానికీ రైతుకూ. కొన్ని ఊళ్ళలో కొలత దాకా కూడా పోకుండా పొలంలో పంట నిలబడి ఉండగానే అంచనా కట్టి, ఇంత ధాన్యం, ఇంత రొక్కం అని తేల్చేవాళ్ళు. అంచనా వేసేవాడికి ఆ పూట రైతు ఇంట్లో నెయ్యి ఎంత పోశారన్న దాన్ని బట్టి గింజలు పెరగడమూ తరగడమూ ఉండేదని వేరే చెప్పక్కర్లేదు.

1802లో కుంపిణీ ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు నిర్ణయం చేసింది. జమీందారులకు సన్నదులు ఇచ్చింది. ఆ సన్నదు పేరు సన్నద్-ఎ-మిల్కియత్-ఎ-ఇస్తిమ్రార్. పేరు పలకడానికి మనకే కష్టం, ఆనాటి రైతుకు ఎలా ఉండేదో! సారాంశం మాత్రం తేలిక. ఏటా ఇంత పేష్కష్ కట్టు, అది ఎప్పటికీ పెరగదు, నువ్వూ నీ వారసులూ అనుభవించండి అని. లెక్క ఇలా వేశారు. నూరు బస్తాలు పండితే రైతుకు యాభై, దివాణానికి యాభై. దివాణం యాభైలో మూడింట రెండు వంతులు సర్కారుకు. అంటే ముప్ఫైమూడు బస్తాల ఖరీదు పేష్కష్, జమీందారుకు మిగిలేది పదిహేడు.

అదే కాగితంలో ఇంకో షరతు ఉంది. కరువొచ్చినా, వరదొచ్చినా మాఫీ లేదు. కిస్తీ తప్పితే ఎస్టేటు జప్తు, ఆ పైన వేలం. బందరు చుట్టుపక్కల సర్కారు స్వంతంగా ఉన్న హవేలీ భూముల్ని ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం వేస్తే, ఆశకొద్దీ పాడుకున్న ఎంతోమంది కట్టలేక చేతులెత్తేశారు. ఆ ముఠాలు మళ్ళీ సర్కారు చేతికే వచ్చాయి. 1832-33 నందన కరువులో, డొక్కల కరువు అంటారే, అప్పుడు మనుషులే మిగలని ఊళ్ళలో శిస్తు ఎవరి దగ్గర వసూలు చేస్తారు? 1864 నవంబరు 1న బందరు మీద ఉప్పెన పడి 30,000 మంది దాకా పోయారు. ఉప్పునీరు తీసిన పొలం మూడు నాలుగేళ్ళు చవుడు తేలి ఉంటుంది. సన్నదు మాత్రం చవుడు తేలదు.

ఈ వేటు ఎలా ఉంటుందో చూడాలంటే కృష్ణా నదికి ఎగువన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కథ చూడాలి. మన ప్రాంతంలో నార్మన్ బేరన్‌కు అచ్చంగా సాటి వచ్చే మనిషి ఆయనే అని నా అభిప్రాయం. 1783లో జమీ చేతికొచ్చింది. చేతి కింద 500కు పైగా ఊళ్ళు. మొదట ఆయన కోట కృష్ణ ఒడ్డున చింతపల్లిలో ఉండేది. కుంపిణీ సైన్యం చింతపల్లిలో దిగి ఆయన బలగాన్ని కుదించాక, ఆ అవమానం భరించలేక మకాం ఎత్తేసి, ధరణికోట పక్కన అమరేశ్వరాలయం చుట్టూ కొత్త పట్నం కట్టించాడు. అదే అమరావతి. ఇళ్ళ కోసం రాయీ ఇటుకా కావాల్సి దీపాలదిన్నె తవ్వితే లోపల నుంచి చలువరాతి చెక్కడాలు బయటపడ్డాయి. ఆ కబురు విని 1790ల చివర కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. అమరావతి స్తూపం ప్రపంచానికి తెలిసింది అలాగే, ఓ జమీందారు ఇల్లు కట్టుకోబోయి.

వెంకటాద్రి నాయుడు దారిదోపిడీలు చేస్తున్నారని చెంచుల్ని విందుకు పిలిచి తలలు నరికించాడనీ, ఆ తర్వాత అన్నంలో పురుగులు కనిపించి ముద్ద మింగుడు పడలేదనీ, ఆ పాపం పోగొట్టుకోడానికే ఊరూరా గుళ్ళు కట్టించాడనీ జనం చెప్పుకుంటారు. అమరావతి దగ్గర నరుకుళ్ళపాడు పేరును ఆ కథకే ముడిపెడతారు. కథలో నిజమెంతో పక్కన పెడితే, గుళ్ళు మాత్రం కళ్ళెదుట ఉన్నాయి. మంగళగిరి నరసింహస్వామి గాలిగోపురం పదకొండు అంతస్తులతో ఇప్పటికీ మైళ్ళ దూరానికి కనిపిస్తుంది. మోర్తెన్ రాబర్ట్ కూడా కార్న్‌వాల్ తీరాన సెయింట్ మైకేల్ కొండను నార్మండీలోని మఠానికి ధారపోశాడు. కత్తి చేసిన పనికి గుడి చేత జమ వేయించుకోవడం రెండు దేశాల్లోనూ ఉన్నదే.

1816లో వెంకటాద్రి నాయుడు పోయాడు. కడుపున పుట్టిన కొడుకులు లేరు. ఒకరి తర్వాత ఒకరిగా ఇద్దరిని దత్తత తీసుకున్నాడు. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లుతుందా? ఈ ఒక్క ప్రశ్న మీద వ్యాజ్యం ఊళ్ళో మొదలై, మద్రాసు మీదుగా లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా సాగింది. 1840ల్లో తీర్పు వచ్చింది, చెల్లదని. రంగమ్మ, అచ్చమ్మ అనే ఇద్దరి పేర్ల మీద ఉన్న ఆ తీర్పును హిందూ న్యాయశాస్త్రం చదివే ప్లీడర్లు ఇప్పటికీ చదువుతారు. తీర్పయితే దక్కింది. జమీ దక్కలేదు. వ్యాజ్యం నడిచినన్నాళ్ళూ బకాయిలు పేరుకుని ఎస్టేటు సర్కారు పాలైంది. రాబర్ట్ కొడుకు విలియం తిరుగుబాటు చేసి, 1106లో తించెబ్రే యుద్ధంలో ఓడి, తండ్రి సంపాదించిందంతా పోగొట్టుకున్నాడు. వాసిరెడ్డి వారి ఆస్తికి యుద్ధం అక్కర్లేకపోయింది.

దేవరకోట వాళ్ళు ఆ గండం దాటారు. దాటడానికి ఒక కారణం, ఆ జమీ విడిపోకపోవడం. మామూలు హిందూ కుటుంబంలో అన్నదమ్ములు భాగాలు పంచుకుంటారు. నలుగురు కొడుకులుంటే నాలుగు వాటాలు, మనవల నాటికి పదహారు. అలా జరిగితే మూడు తరాల్లో జమీ కాస్తా కమతాలవుతుంది. యార్లగడ్డ మల్లికార్జునప్రసాద నాయుడికీ ఆయన తమ్ముడు దుర్గాప్రసాద నాయుడికీ ఈ విషయంలోనే తగువొచ్చింది. అదీ ప్రీవీ కౌన్సిల్‌కు ఎక్కింది. 1890లో తీర్పు వచ్చింది: దేవరకోట భాగాలు కాని జమీ, పెద్దవాడికే చెందుతుంది, చిన్నవాళ్ళకు భరణం. తగువు అంతటితో ఆగక 1900లో మరోసారి అక్కడికే వెళ్ళింది. పెద్దకొడుక్కే భూమంతా అన్న ఆచారం ఇంగ్లండులో వందల ఏళ్ళుగా ఉన్నదే. ఆ తీర్పు రాసిన దొరలకు అందులో వింతేమీ కనిపించి ఉండదు. మన ఊళ్ళో మాత్రం తమ్ముడికి గజం నేల ఇవ్వకుండా అన్న ఒక్కడే ఏలడం దివాణంలో తప్ప ఇంకెక్కడా చెల్లేది కాదు.

రెండో కారణం కృష్ణ. 1852 నుంచి 1855 దాకా బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. పనంతా దగ్గరుండి నడిపించినవాడు కెప్టెన్ ఆర్. కాలవలు దిగువకు వచ్చాయి. అప్పటిదాకా చెరువు నిండితేనే వరి అనుకున్న నేలలకు ఏటా నీళ్ళొచ్చాయి. ఇప్పుడు ఇందాకటి లెక్క మళ్ళీ వేయండి. నూరు బస్తాల చోట నూటయాభై పండుతున్నాయి, ధాన్యం ధరా పెరిగింది. పేష్కష్ మాత్రం 1802లో రాసిందే. పెరిగినదాంట్లో దివాణం వాటా దివాణానికే. కాలవ తవ్వింది సర్కారు కాబట్టి వాళ్ళూ ఊరుకోలేదు. 1865 చట్టంతో జమీ భూములకు కూడా నీటితీరువా వేశారు. రైతు కల్లంలో దివాణానికి ఇవ్వాలి, కాలవ నీటికి సర్కారుకు ఇవ్వాలి. డెల్టాలో పచ్చదనం చూసి మురిసిపోయే యాత్రికులు ఈ సంగతి ఎక్కడా రాయరు.

రైతు హక్కు చట్టంలోకి ఎక్కింది 1908లో. మద్రాసు ఎస్టేటు భూముల చట్టం వచ్చి, జమీ రైతుకు సాగు హక్కు ఉందనీ, శిస్తు కడుతున్నంత కాలం తీసెయ్యకూడదనీ, పట్టా ఇవ్వాలనీ చెప్పింది. అందులోనే ఒక మినహాయింపు ఉంది. జమీందారు సొంతంగా, తన పశువులతో, తన పాలేళ్ళతో సాగు చేయించుకునే భూమిని కంబట్టం అన్నారు. సేరీ అనీ, హోంఫారం అనీ కూడా అంటారు. ఆ భూముల్లో రైతుకు సాగు హక్కు రాదు. ఇదుగో, 1086 నాటి గీత మళ్ళీ ప్రత్యక్షమైంది. దివాణాలకు ఇప్పుడు ఒక్కటే ఆరాటం: వీలైనంత భూమిని కంబట్టం లెక్కలోకి నెట్టడం. రైతుకూ ఒక్కటే ఆరాటం: ఇది మా తాత చేసిన జిరాయితీ, అంటే రైతు భూమి, అని రుజువు చేసుకోవడం. పల్లెల్లో పుట్టిన సివిలు దావాల్లో సగం ఈ గీత మీదే నడిచాయంటే నేను నమ్ముతాను.

ఈ మధ్యలో గుళ్ళ సంగతి కూడా చెప్పాలి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి ఆలయానికీ, పెదకళ్ళేపల్లి దుర్గానాగేశ్వరుడి ఆలయానికీ చల్లపల్లి వారు వంశపారంపర్య ధర్మకర్తలుగా ఉండేవారు. శిస్తు కట్టడానికి తలుపు తట్టిన దివాణం దగ్గరికే ఉత్సవాలప్పుడు స్వామి ప్రసాదమూ మొదట వెళ్ళేది. రైతుకు దివాణం మీద కోపమూ ఉంటుంది, భక్తీ ఉంటుంది. రెండూ ఒకే గుండెలో ఎలా ఇమిడాయో అని ఆశ్చర్యపోయే వారు మన పల్లెలో ఒక్క ఏడాది ఉండి చూడాలి.

ఆఖరి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. జస్టిస్ పార్టీ మనిషి. ఆయన చేసిన ఒక పని నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. కృష్ణాజిల్లావాడే అయిన గూడవల్లి రామబ్రహ్మం సినిమాలు తీస్తానంటే సారథి ఫిలిమ్స్‌కు డబ్బు పెట్టింది ఈ రాజావారే. మొదటి సినిమా 1938లో మాలపిల్ల. రెండోది 1939లో రైతుబిడ్డ. జమీందారీ అన్యాయాల మీద రైతులు తిరగబడే కథ! జమీందారు డబ్బుతో జమీందారీ మీద సినిమా. బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాలు మండిపడ్డాయి, కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధించారు. దివాణాల మధ్య పోటీనో, సినిమా మీద మోజో, రెండూనో. ఏదైతేనేం, తెలుగు సినిమాకు మేలు జరిగింది.

అప్పటికి సినిమా బయట కూడా కథ మారుతోంది. ఆచార్య రంగా జమీందారీ రైతుల్ని కూడగడుతున్నాడు. 1937లో మద్రాసులో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చి, ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన ఎస్టేట్ల మీద ఒక సంఘం వేసింది. 1938లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. నేల రైతుదే, జమీందారు కేవలం శిస్తు వసూలు చేసేవాడు అని తేల్చి చెప్పింది. మొదట్లో మనం వేసుకున్న ప్రశ్నకు సర్కారు కాగితం మీద అంత సూటిగా జవాబు అంతకు ముందు రాలేదు. 1939లో ఆ ప్రభుత్వమే రాజీనామా చేయడంతో అది చట్టం కాకుండానే ఆగిపోయింది. చట్టం ఆగింది కానీ ఊళ్ళలో కదలిక ఆగలేదు. దివితాలూకా మంగళాపురంలో 1914లో ఆస్తిపరుల ఇంట పుట్టిన చండ్ర రాజేశ్వరరావు గారు కమ్యూనిస్టు పార్టీలో పైకి వచ్చి, 1964 నుంచి 1990 దాకా సీపీఐ ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. చల్లపల్లి కోటకు కూతవేటు దూరంలో పెరిగిన మనిషి కమ్యూనిస్టు ఎందుకయ్యాడని అడగనక్కర్లేదు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది నుంచి జమీలు ఒకటొకటిగా సర్కారు స్వాధీనమయ్యాయి. పేష్కష్ పోయింది, మొఖాసాలు పోయాయి, కల్లంలో ముద్రలు పోయాయి. జమీందారుకు పరిహారం వచ్చింది. రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ పట్టాదారు అయ్యాడు. కానీ అదే చట్టంలో జమీందారు సొంత కంబట్టానికి ఆయనకే పట్టా ఇమ్మని ఉంది. ఊళ్ళు పోయాయి, సేరీలు మిగిలాయి. ఇన్నాళ్ళూ నేల మీద వసూలు హక్కే ఉన్న దివాణం, ఈ సేరీల వరకు, అందరిలాగే నేలకు అసలు సొంతదారైంది. జమీందారీ రద్దయ్యాకే జమీందారు నిజమైన భూస్వామి అయ్యాడని నేనంటే కొందరు పెద్దలు ఒప్పుకోరు. చట్టం చదివితే మాత్రం అదే కనిపిస్తుంది.

ఆ తర్వాత ఇరవై, పాతికేళ్ళ గొడవంతా ఆ సేరీల మీదే. లక్ష్మీపురంలో చల్లపల్లి పంచదార ఫ్యాక్టరీ వెలిసింది. అది తర్వాత కేసీపీ కంపెనీ చేతికి వెళ్ళింది. దివాణం భూములు కూలీలకు పంచాలని ఎర్రజెండాలు పాతారు, కేసులు పడ్డాయి, జైళ్ళకు వెళ్ళారు. 1961లో ఒక భూపరిమితి చట్టం, అది చాలక 1973లో రెండోది వచ్చాయి. రెండో దాని ప్రకారం అయిదుగురున్న కుటుంబానికి నేల తరగతిని బట్టి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. ఆ పైది మిగులు. ప్రతి భూస్వామీ డిక్లరేషన్ ఇవ్వాలి, ట్రిబ్యునల్ తేల్చాలి. విలియం రాజు గుమాస్తాలు ఎన్ని అరకలని అడిగితే, ఈ గుమాస్తాలు ఎందరు మేజర్లని అడిగారు. రాత్రికి రాత్రి బదిలీలూ, పంపకాలూ, విడాకులూ పుట్టుకొచ్చాయి. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, రాష్ట్రమంతటా పెద్ద రైతులందరి ఇళ్ళలో జరిగిందే.

ఇప్పుడు దివాణం లేదు. అయినా మీ ఊరు ఒకప్పుడు జమీదా, సర్కారుదా అని తెలుసుకోవాలంటే చరిత్ర పుస్తకాలు వెతకనక్కర్లేదు. తహసీల్దారు కార్యాలయంలో మీ పొలానికి పాత రికార్డు నకలు అడగండి. మొదటి నుంచీ రైత్వారీగా ఉన్న ఊరైతే డైగ్లాట్ అనే రిజిస్టరు తీస్తారు. జమీ ఊరైతే ఎస్టేటు రద్దయ్యాక జరిగిన సెటిల్‌మెంటులో తయారైన ఫెయిర్ అడంగల్ తీస్తారు. ఎస్‌ఎఫ్‌ఏ అంటారు గుమాస్తాలు. 2020 డిసెంబరు నుంచి రాష్ట్రంలో జరుగుతున్న రీసర్వేలో డ్రోన్లు ఎగురుతున్నా, తగువొచ్చినప్పుడు సర్వేయరు మొదట చూసేది ఆ పాత కాగితాన్నే. అందులో మీ సర్వే నంబరు ఎదురుగా తాతగారి పేరుందా, కంబట్టమని ఉందా, మొఖాసా అని ఉందా, దేవుడి మాన్యమని ఉందా చూసుకోండి. చివరి రెండింటిలో ఏదున్నా, అమ్మకానికి రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళేముందు ఒక మంచి ప్లీడరు దగ్గరికి వెళ్ళి రండి.